దీపం వెలగగానే

"ఆ వేలు కదపకండి, సెన్సర్ ఊడిపోతుంది," అంది టెక్నీషియన్, మొహం కూడా చూడకుండా.

క్రేన్ డ్రైవర్ పళ్ళు నూరాడు. వేలికి గుండె వేగం చూసే క్లిప్పు, జబ్బకి బీపీ పట్టీ, ఎదురుగా ఓ దీపం, ఓ మీట. దీపం వెలగగానే మీట నొక్కాలి. ఇంతోటి దానికి రెండుసార్లు ఫెయిలయ్యాడు. ఈ చల్లటి గదిలో మెత్తటి కుర్చీ వేసి కూర్చోబెడితే ఎవడికైనా కునుకు రాదూ? పైన క్రేన్‌లో, కింద మనుషులు తిరుగుతుండగా ఇదే చెయ్యి ఎంత చురుగ్గా ఆడుతుందో వీళ్ళెవరైనా వచ్చి చూశారా? ఇవాళ కూడా తప్పితే క్రేన్ దిగి గోడౌన్‌లో చీపురు పట్టాల్సిందే.

అసలే పొద్దున్నే ఇంట్లో రభస. పరీక్షకి బయల్దేరిన మనిషికి ఓ మంచి మాట చెప్పాల్సింది పోయి, మొద్దు చెయ్యి అని దెప్పింది భార్య. టీ కూడా ఇవ్వలేదు. దారంతా కుతకుతలాడుతూనే వచ్చాడు. తీరా కుర్చీలో కూలబడగానే ఒళ్ళు చల్లబడింది.

"గుండె వేగం అరవై," అంది టెక్నీషియన్ తెర చూసి. "నిద్రపోతున్నారా?"

దీపం వెలిగించలేదు మహాతల్లి. నోటికి పనిచెప్పింది. క్రేన్ నడపడం కూడా ఒక విద్యేనా అంది. మొద్దు చేతికి చీపురే నయమంది. అతని నరాలు చిట్లిపోయాయి. ఊరందరికీ ఇదే మాట దొరికిందా?

ఆమె మళ్ళీ తెర చూసింది. "మీ బావమరిది మీకంటే బాగా నడుపుతాడట కదా?"

వాడికి క్రేన్ ఎక్కడం నేర్పిందే ఇతను. ఆ ముక్క ఈవిడ దాకా ఎలా వచ్చిందో! బీపీ పట్టీ కింద జబ్బ దడదడలాడింది. "నోరు అదుపులో పెట్టుకోండి," అన్నాడు.

అప్పుడు వెలిగింది దీపం. టక్కున నొక్కాడు. మళ్ళీ వెలిగింది. మళ్ళీ టక్కున నొక్కాడు. వెలిగిన ప్రతిసారీ, ఆమె చెంప మీద కొట్టినంత కసిగా నొక్కాడు.

"పాసయ్యారు. వెళ్ళండి."

క్లిప్పు పీకి బల్ల మీద గిరాటేశాడు. ఈ జన్మలో మీ మొహం చూడనని చెప్పి, తలుపు ధడాలున వేసి పోయాడు.

పక్క బల్ల దగ్గరున్న నర్సుకి ఒళ్ళు మండింది. "ఏం మనిషివే నువ్వు? పాపం, ఆయన నీకేం చేశాడు?"

టెక్నీషియన్ చెమట తుడుచుకుంది. "కోపమొచ్చి గుండె పరిగెడితే గాని ఆ కుర్చీలో ఆయన చెయ్యి కదలదు.

"ఏం తిట్టాలో పొద్దున్న ఫోన్ చేసి వాళ్ళావిడే చెప్పింది."