ఓస్సి వదలని గుమ్మం

మా అబ్బాయి ఓస్సి చనిపోయాక వాడి వీడియో గేమ్ ముట్టుకోవాలంటేనే నాకు భయం. తప్పు బటన్ నొక్కితే వాడు ఆడిందంతా చెరిగిపోతుందట.

"నేనున్నాగా, పిరికి అమ్మా!" అంటూ కూతురు సైమి టీవీ పెట్టింది.

ఆటలో గుమ్మం దగ్గర ఒక ముసలితల్లి, "వెళ్తావా నాయనా, ఉంటావా?" అని కొడుకుని అడుగుతోంది. ఆ కొడుకే ఆటలో ఓస్సి నడిపిన మనిషి. జవాబు మనం నొక్కాలి.

"ఈ ఆట బంగారమేగానీ, తల్లిని వదిలితేగానీ కథ కదలదు. అదే దీని జబ్బు. ఆడేవాళ్లందరూ మొదట్లోనే వెళ్లిపోతారు," అంటున్న సైమి గొంతు తగ్గింది. "మనవాడేంటమ్మా, ఏడాదిపాటు ఈమె ఆవిరిస్నానం పొయ్యికి కట్టెలు కొడుతూ ఇక్కడే ఉండిపోయాడు!"

"వెళ్తే మళ్లీ వస్తాడా?"

"రాడు."

బటన్ మీంచి సైమి వేలు లాగేశాను.

"ఇవాళ శనివారం, ఆ ముసలావిడకి ఆవిరిస్నానం రోజు. ఈ ఆటలో కట్టెలు కొట్టేదెలాగో నాకు చూపించవే."