ప్రార్థన పెట్టె

మా చర్చి సంఘంలో ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ప్రార్థన పెట్టె ఉంది. రోజూ ఏడింటికి మా గొంతులతో అదే కుటుంబ ప్రార్థన చేసేస్తుంది. మాకు మాత్రం ఓపికెక్కడిది?

ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి అది మా ఆయన గొంతుతో వేడుకుంటోంది.

"ప్రభువా, నా భార్య సలోమి మోకాళ్ల నొప్పి తీసెయ్యి తండ్రీ."

ఆయనేమో పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

"నా నొప్పి సంగతి దానికి మీరే చెప్పారా?" అన్నాను ఆశగా.

"నీకు మోకాళ్ల నొప్పా? ఎప్పట్నించి?"

"రెండేళ్లయింది. లేచినప్పుడల్లా అబ్బా అంటాను కదా. పెట్టె వింది."

ఆయన లేచి పెట్టె ఆపేశాడు. "ప్రభువా..." అన్నాడు. తర్వాతి మాట ఎంతకీ రాలేదు. చివరికి నన్ను కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, నా కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు.