ఒకటి పాయింట్ ఏడు మూడు

“ఈ అంకె ఎక్కణ్ణించి వచ్చింది సార్?” మూడోసారి అడిగింది ఏంజెల్.

కాశీవిశ్వనాథంగారు కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఆమె వేలు ఆనించిన చోట చూసేరు.

“మీదే ఊరండీ?” అన్నారు.

“రాజోలు సార్. మీరు రిటైరయ్యేదాకా మీ దగ్గరే రీసెర్చి చేసేను.”

కొత్తపేటలో వాళ్ళింటి వరండాలో ఆయన భార్య రమణమ్మగారు చేతులకి నూనె రాసుకుని పనసకాయ పొట్టు కొడుతున్నారు. కత్తి ఆపి, “రెండేళ్ళనించీ ఇంతేనమ్మా,” అన్నారు. “స్కానింగులో ఏమీ లేదన్నారు. నన్ను గుర్తుపడతారు, అన్నం వేళ తెలుస్తుంది. చదువు మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. ఏవో సైన్సు పత్రికలవాళ్ళు లెక్కలకి ఆధారాలు పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు. ఈయన జవాబు చెప్పలేరని నేనే రాసి పంపేసేను.”

ఏంజెల్ చిన్నపిల్లాడికి చెప్పినట్టు మళ్ళీ మొదలెట్టింది.

“ట్యూబులైటులో వెలిగే వాయువుంటుంది కదా సార్, ప్లాస్మా అంటే అలాంటిదే. అందులో సన్నటి ధూళి కలిపి విద్యుత్ క్షేత్రం పెడితే, చెదిరున్న రేణువులు దండ గుచ్చినట్టు వరసకడతాయని కంప్యూటర్లో చూపించింది మీరే. మీ ప్రోగ్రాంలో రేణువుల మధ్య బలాన్ని ఒకటి పాయింట్ ఏడు మూడుతో హెచ్చవేసేరు. అదుంటేనే వరసలొస్తున్నాయి. తీసేస్తే, క్షేత్రం ఎంత పెంచినా ధూళి ధూళిగానే ఉంటోంది సార్.”

“ఎవరు రాసేరండీ ఇది? చక్కగా రాసేరు,” అన్నారాయన.

ఏంజెల్‌కి ఏడుపొచ్చింది. సోమవారం వైవా. థీసిస్ చదివిన పరీక్షకుడు అడిగింది ఒక్కటే: ఈ అంకెకి ఆధారమేమిటి? పాత నోటుపుస్తకాలన్నీ తిరగేసింది. సీనియర్లని అడిగితే, “సార్ పెట్టేరు, మేమూ ఉంచేసేం” అన్నారు. ఐదేళ్ళ పని ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంది. అది తెలిసిన ఒక్క మనిషీ ఇలా అయిపోయేరు. ఎవరి మీదని కోపం తెచ్చుకుంటుంది?

“ఏ ప్రయోగంలోంచి తీసుకున్నారో ఒక్క ముక్క చెప్పండి సార్. నా థీసిస్ పోతుంది.”

ఆయన కళ్ళు తడిసేయి. కాగితం మడిచేరు, విప్పేరు, మళ్ళీ మడిచేరు.

“ఎండగా ఉందండీ. మజ్జిగ తాగి వెళ్ళండి.”

“ఆయ్, తెస్తానుండండి,” అంటూ రమణమ్మగారు లేచి లోపలికి వెళ్ళేరు.

ఏంజెల్ కాగితాలు సంచిలో పెట్టుకుంది. ఏమీ గుర్తులేని మనిషిని ఇంతసేపు నిలదీసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

“క్షమించండి సార్. మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టేను,” అని మెట్టు దిగబోయింది.

ఆయన లోపలి గుమ్మం వైపు ఓసారి చూసి, ఆమె సంచి పట్టుకుని ఆపేరు.

“అది నేను కల్పించిన అంకె, ఏంజెల్.”