లేవడం నేర్పలేదు

ఆపసోపాలు పడుతూ నేలమీద చతికిలబడ్డాడు రిటైర్మెంటు దగ్గరపడ్డ పోలీసాయన. పిల్లలతో మాట్లాడాలంటే వాళ్లంత ఎత్తుకి దిగాలని నిన్ననే శిక్షణలో చెప్పారు మరి.

ఎదురుగా మూలన ముడుచుకున్న పిల్ల, కారు అద్దం పగలగొట్టిందని స్టేషన్‌కి తెచ్చిన దగ్గర్నుంచీ ఉలకలేదు, పలకలేదు.

"తొందరేం లేదు తల్లీ. మంచినీళ్లు తెస్తానుండు."

లేవబోతే మోకాళ్లు మొరాయించాయి. గోడ పట్టుకున్నా లాభం లేకపోయింది.

"కూర్చోవడం నేర్పారు గానీ లేవడం నేర్పలేదమ్మా."

పిల్ల కిసుక్కున నవ్వి రెండు చేతులూ చాపింది. "పట్టుకోండి తాతా. మా నానమ్మని రోజూ నేనే లేపుతా."

ఆయన సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ పిల్ల కూడా ఆయన పక్కనే కూర్చుంది.

"కారులో కుక్కపిల్లని పెట్టి తాళమేసి పోయారు తాతా. ఎండకి రొప్పుతోంది. అందుకే అద్దం కొట్టి, దాన్ని బయటికి తీసి నీళ్లు పట్టా."

"ఈ మాట ముందే చెప్పొద్దూ?"

"ఎందుకు కొట్టావని ఎవరూ అడగలేదుగా. ఎవరు కొట్టమన్నారనే అడిగారు."

పోలీసాయన గుమ్మంలో ఉన్న కుర్ర పోలీసుని కేకేశాడు.

"ఫిర్యాదిచ్చిన కారాయన్ని లోపలికి రమ్మను. కుర్చీ వెయ్యకు. ఆయన్నీ ఇక్కడే, మా ఎదురుగా కూర్చోమను."