సరుకును తిట్టినవాడు

"కొనొద్దప్పా. అది ఒక గడియారం కాదు, మూడు గడియారాలు."

కుళ్ళాయప్ప చిర్రెత్తి వెనక్కి తిరిగాడు.

గుత్తి సంతలో గోనెపట్ట మీద పాత చేతిగడియారాలు పరుచుకొని ఒక పడుచువాడు కూర్చున్నాడు. బేరం తెగే వేళకు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో ఈ ముసలివాడు. మోకాళ్ల దాకా దుమ్ము. తలకు మాసిన రుమాలు.

"నిన్నెవురడిగినారు తాతా? నీ దారిన నువ్వు పో."

"పెద్ద ముల్లు చూడు. అంకెలు దాటి అంచుకు రాసుకుంటాంది. అది దాని ముల్లు కాదు."

"బళ్ళారి దొర కట్టుకున్న గడియారమన్నా ఇది" అన్నాడు అమ్మేవాడు, ముసలివాడి వైపు చూడకుండా. "ముల్లు పొడుగుంటే టైము బాగా కనపడతాది."

"కీ ఇచ్చే బిళ్ల చూడు. పెట్టెకు ఆనలే, సందుండాది. మూత తీపించు. లోపల ఆడోళ్ల గడియారం మిషను పెట్టి, కదలకుండా చుట్టూ కాగితం కూరినారు."

కుళ్ళాయప్ప లోపల్లోపల నవ్వుకున్నాడు.

మీసం మొలిచినప్పటి నుంచి ఎద్దుల దలాలీ చేసినవాడు. కరువొచ్చి ఎద్దులే లేకుండా పోయాయి గానీ, ఆ తెలివి ఎక్కడికి పోతుంది? ఎద్దును తిట్టినవాడే చివరికి ఎద్దును తోలుకుపోతాడు. ఇది సంతలో పసిపిల్లలకూ తెలిసిన సంగతి.

ఇంతగా తిడుతున్నాడంటే, ముసలివాడికి దీని మీద ఎంత ఆశ ఉండాలి!

పైగా ఈ గడియారం దొరక్కపోతే కుళ్ళాయప్పకు మేస్త్రీ పని దక్కదు. గుమ్మఘట్ట దగ్గర చెరువుకట్ట కరువు పని మొదలవుతోంది. "చేతికి గడియారం ఉన్నోడే మేస్త్రీ. లేనోడికి తట్టా పారా" అని కంట్రాక్టరు ఓబులేసు తేల్చేశాడు. ఇంట్లో మిగిలిన మేకలను అమ్మి, ఆ డబ్బు మొలలో దోపుకొని వచ్చాడు.

"నీకు కావాలంటే కావాలని చెప్పు తాతా. దాన్ని తిట్టి, నన్ను తరిమేసి, చవకగా కొట్టేద్దామనుకుంటివా?"

"నాకొద్దప్పా ఆ పాపం. నీ మంచికే చెప్తాండా. ఆ మూత ఒక్కసారి తీపించు."

ముసలివాడు గడియారం మీదికి చెయ్యి చాపాడు.

"చూడు చూడు, లాక్కుంటాండాడు!"

కుళ్ళాయప్ప ఒక్క తోపు తోశాడు. ముసలివాడు రాళ్ల మీద పక్కకు ఒరిగి పడ్డాడు. రుమాలు ఊడి దూరంగా పడింది.

అమ్మేవాడు లేచి వెళ్లి, రుమాలు తీసి, దుమ్ము దులిపి, ముసలివాడి చేతిలో పెట్టి వచ్చాడు.

కుళ్ళాయప్పకు అదేమీ పట్టలేదు. అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చి, ఆత్రంగా గడియారం మణికట్టుకు బిగించుకున్నాడు.

చెరువుకట్ట మీద, మెడలో ఈల వేసుకొని చేసిన మేస్త్రీగిరీ సగం రోజు సాగింది.

ఒకసారి చూస్తే పదిన్నర. చాలాసేపటికి మళ్లీ చూశాడు. పదిన్నర. విదిలించాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, తిట్టాడు. పొడుగు ముల్లు అంచుకు తగులుకొని మొండికేసింది.

"ఏమప్పా మేస్త్రీ!" మన్ను మోస్తున్న నల్లమ్మ తట్ట కింద పడేసింది. "నీడలు కాళ్ల కిందికొచ్చి మళ్లీ అవతలికి పోయినాయి. నీ గడియారంలో ఇంగా పొద్దెక్కలేదా?"

కూలీలంతా గొల్లున నవ్వారు.

ఓబులేసు వచ్చి గడియారం లాక్కున్నాడు. చాకుమొనతో మూత ఎత్తాడు. లోపల ఇంతే ఇంత మిషను. దాని చుట్టూ బీడీకట్టల కాగితం.

"ఎద్దు పండ్లు చూసి వయసు చెప్తావంటనే! దీని నోరు తెరిచి చూడలేదా? ఈల ఈడ పెట్టి తట్ట ఎత్తుకో, పో."

మరుసటి సంతకు కుళ్ళాయప్ప నిప్పులు కక్కుతూ గుత్తికి వచ్చాడు. అదే చోటు, అదే గోనెపట్ట.

"నా దుడ్లు నాకియ్యి!"

"వద్దని చెప్తాంటే కూడా కొంటివి కదన్నా" అన్నాడు గడియారాలవాడు, తల ఎత్తకుండా.

ఎదురుగా తెల్లచొక్కా ఆసామి ఒకడు గడియారం చేతిలో పట్టుకొని బేరమాడుతున్నాడు. కుళ్ళాయప్ప ఆ ఆసామికి అడ్డం పడ్డాడు.

"కొనొద్దు సామీ! ముల్లు ఒకదానిది, పెట్టె ఒకదానిది, మిషను ఇంగొకదానిది!"

ఆసామి ఎగాదిగా చూశాడు.

"నువ్వెంత దాకా అడిగినావు దీన్ని?"

"నాకెందుకు సామీ? నీ మంచికే చెప్తాండా. మూత తీపించు!"

"తెలుసులేప్పా, మేమూ సంతలు చూసినోళ్లమే." ఆసామి నవ్వి గడియారాలవాడి వైపు తిరిగాడు. "ఇంగ కొంచెం ఎక్కువే తీసుకో. వీడి కన్ను పడింది దీని మీద."

గడియారం ఆసామి జేబులోకి వెళ్లిపోయింది. కుళ్ళాయప్ప నెత్తి కొట్టుకున్నాడు.

పక్కన బొరుగులమ్మే తిప్పమ్మ, గడియారాలవాడిలాగే సంత సంతకూ తిరిగే మనిషి, జాలిగా చూసింది.

"యాలన్నా గొంతు చించుకుంటావ్? నువ్వు తిట్టేకొద్దీ వాని బేరం పెరుగుతాంది."

"పోయిన సంతలో అడ్డమొచ్చిన తాత యాడమ్మా? ఆయన తోడుంటే ఇద్దరం కలిసి చెప్దుము."

"ఆయన యాడ వస్తాడు? నువ్వు తోసినప్పుడు తుంటి ఇరిగింది. ఇన్నాళ్లూ ఏ సంతకైనా నడిచొచ్చి ఇట్లే అరిచేవాడు, ఒక్కరూ ఇనలే. ఇప్పుడు మంచం మీద ఉండాడు."

కుళ్ళాయప్ప బొరుగుల గంప పక్కన చతికిలబడ్డాడు.

"మరి... ఆయన్ను ఎవురు చూసుకుంటాండారు?"

"ఇంగెవురు చూస్తారన్నా?" బొరుగుల మీద ఈగలు తోలుతూ అంది తిప్పమ్మ. "అద్దో, ఆడ గడియారాలమ్ముతాండాడే, వాడే, ఆయన కొడుకు."