నల్లబడని బిళ్ళ

"ఏవండీ నిత్యానందం గారూ, ఈ బిళ్ళ నిజంగా మీరే పెట్టుకున్నారా?"

బొంబాయి నుంచి తనిఖీకి దిగిన ఆఫీసరు శ్రీనివాసరావు ఆ మాట అడిగేసరికి, ఏలూరు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే నిత్యానందం చొక్కాకున్న బిళ్ళని చేత్తో తడుముకున్నాడు.

"ఆయ్, పెట్టుకున్నానండీ. ప్రభువు సాక్షిగా డ్యూటీలో ఒక్క పూట కూడా తియ్యలేదండీ."

గవర్నమెంటువారు కొత్తగా పెట్టిన రూలది. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళు చొక్కాకి ఫిల్ము బిళ్ళ తగిలించుకోవాలి. ఒంటిమీద కిరణాలు ఎంత పడితే ఫిల్ము అంత నల్లబడుతుంది. నెలనెలా దాన్ని బొంబాయి పంపాలి. వరసగా రెండుసార్లు నల్లబడిందా, ఆ మనిషికి ఆ గదిలో ఉద్యోగం చెల్లు! నిత్యానందం బిళ్ళ మొదటి నెల బొగ్గులా తేలింది. ఆ తరవాత ఆరు నెలలూ చిన్న మచ్చ కూడా లేదు.

"శభాష్! ఇంత శుభ్రమైన బిళ్ళ నేనెక్కడా చూళ్ళేదండీ. ఎలా పనిచేస్తున్నారో చూపించండి, మిగతా ఊళ్ళకీ రాసి పంపుతాను."

ఆయన పొగుడుతున్నకొద్దీ నిత్యానందం సిగ్గుతో చితికిపోయాడు. సరిగ్గా అప్పుడే మండవల్లి నుంచి చెయ్యి విరిగిన పిల్లని తీసుకొచ్చారు. కెవ్వుమని ఏడుస్తూ కాళ్ళతో తంతోంది. ఎవరో ఒకరు కదలకుండా పట్టుకుంటేగాని బొమ్మ రాదు. అతను నోరు తెరిచేలోపే ఆయా హన్నమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చేసింది.

"మీరు గోడ అవతలకెళ్ళండి నిత్యానందం గారూ, నేను పట్టుకుంటాను కదా!"

"ఆగండాగండి! ఈవిడ బిళ్ళేదీ?" అన్నాడు ఆఫీసరు.

"ఆవిడ ఆయా అండీ... బిళ్ళలిచ్చే లిస్టులో పేరు లేదండీ," నిత్యానందం నసిగాడు.

"రోజూ ఈవిడే పట్టుకుంటుందా?"

"ఆర్నెల్లనించీ నేనేనండీ," హన్నమ్మ గొప్పగా చెప్పింది. "నాకేం పర్లేదండీ. బిళ్ళ పెట్టుకున్నోళ్ళకే ఆ కిరణాలు తగులుతాయంట కదండీ! ఈ బాబుగారే చెప్పారు."

నిత్యానందం తలెత్తలేకపోయాడు. ఆ మాట చెప్పింది తనే. ఉద్యోగం ఎక్కడ పోతుందోనని చెప్పాడు, ఆవిడ నమ్మేసింది. ఛీ, ఇంతకంటే నీచం ఉంటుందా అనిపించింది.

శ్రీనివాసరావు మెచ్చుకోలు రాద్దామని తీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ పూటనించీ మీరా గదిలోకి వెళ్ళకండమ్మా. రక్తం పరీక్ష చేయించాలి, మీవాళ్ళకి కబురు పెట్టాలి. మీకెవరున్నారు?"

హన్నమ్మ ఒక్కసారి నిత్యానందం వంక చూసి, చూపు తిప్పేసుకుంది.

"ఎవరూ లేరండీ. మా ఆయన పోయాడు. పిల్లల్లేరు."

నిత్యానందం గోడకి చేరగిలబడ్డాడు.

"నా పేరు రాసుకోండి సార్," అన్నాడు. "ఆయా కొడుకునని చెప్పుకోడానికి సిగ్గుపడి దాచాను గాని, ఆవిడ నన్ను కన్న అమ్మండీ."