చిరుగుల పిన్ని

"అల్మరాలో పెట్టిన మా అమ్మ శాలువా ఏది?"

సెక్రటరీ కేకకి వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు.

"చిరుగుల పిన్ని పట్టుకెళ్ళిందండి. ఇందాకే."

ఆ అల్మరా అపార్ట్‌మెంటు మెట్ల కింద ఉంటుంది. పర్యావరణ కమిటీ తరఫున సెక్రటరీయే పట్టుబట్టి పెట్టించింది. 'వద్దనుకున్నవి పెట్టండి, కావలసినవి పట్టుకెళ్ళండి, కొత్తవి కొనకండి' అని దానికో బోర్డు. అడుగున ఎర్ర అక్షరాల్లో ఇంకో మాట: 'చిరిగినవి, అతుకులు వేసినవి పెట్టరాదు.'

అతుకులున్న బట్ట ఎవరు తొడుక్కుంటారని ఆవిడ వాదన.

అయినా జనం చిరిగినవీ పెట్టేవారు. వెనకవైపు గదిలో ఒంటరిగా ఉండే ముసలామె సరిగ్గా వాటినే ఏరుకుపోయేది. పేరు అలా వచ్చింది. పీలికలు చేసి మెకానిక్కులకి అమ్ముకుంటోందని అందరి అనుమానం.

శాలువా అల్మరాలోకి వెళ్ళడం మాత్రం భర్త చలవ. 'ఏడాదిగా వాడనిది ఇంట్లో ఉండకూడదు' అని సెక్రటరీ ఊదరగొడుతుంటే, ఆయన పొద్దున్నే బీరువా సర్దేశాడు. పెళ్ళయ్యాక ఆయన ఆవిడ మాట విన్నది అదే మొదటిసారి.

"ఎలుక కొరికింది కదా అని..." నసిగాడాయన.

"కొరికితే? అమ్మ పోయాక నాకు మిగిలింది అదొక్కటేనండీ!"

వెళ్ళి వెనక గది తలుపు కొట్టింది. పిన్ని ఓరగా తీసింది.

"ఆకుపచ్చ ఉన్ని శాలువా. పొరపాటున వచ్చింది. ఇచ్చేయండి."

"ఇస్తానమ్మాయ్. ఇవాళ కాదు. కొన్నాళ్ళు ఆగు."

"ఎందుకాగాలి?"

"ఇప్పుడు చూస్తే నీ మనసు కష్టపడుతుంది."

"కోసేశారా?"

పిన్ని తలుపు ఇంకాస్త దగ్గరికి వేసింది.

"అది మా అమ్మ చేత్తో అల్లింది!"

"తెలుస్తూనే ఉందిలే. ప్రతి వరసా ఎంత బిగువో! బాగా కోపిష్టి మనిషి కదూ?"

నిజానికి అమ్మ కోపిష్టే. కానీ ఆ మాట ఇంకొకరు అనేసరికి సెక్రటరీకి ఒళ్ళు మండిపోయింది.

"పోయినవాళ్ళని కూడా వదలరా? ఇక మా అల్మరా జోలికి రాకండి!"

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. కొత్తవి కొనొద్దని చాటడానికి అందరూ కొత్త టీషర్టులు కొనుక్కుని వచ్చారు. సెక్రటరీ మాత్రం ఎప్పటిలాగే తన నీలం కోటులో వచ్చింది. అది అల్మరాలో దొరికిందే.

"చూడండి, కొత్తదే! ఎవరో మహానుభావుడు మడత నలక్కుండా పెట్టి వెళ్ళాడు. పేరైనా చెప్పుకోలేదు. అలాంటివాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. ఈవిడలాంటివాళ్ళని గుమ్మంలోనే ఆపాలి."

పిన్నిని అల్మరా దగ్గరికి రానివ్వకూడదని తీర్మానించారు.

మర్నాడు పిన్ని నిండు సంచీతో వచ్చింది. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"రానివ్వద్దన్నారు పిన్నీ."

"ఒక్క నిమిషమయ్యా. నేను తీసుకోడానికి కాదు..."

"పైనుంచి సెక్రటరీగారు చూస్తున్నారు. నా ఉద్యోగం పోతుంది. నీకు దణ్ణం పెడతా, వెళ్ళిపో పిన్నీ."

పిన్ని సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని వెనక్కి తిరిగింది.

చలి ముదిరింది. అల్మరాలో మంచి బట్ట కనిపించడం మానేసింది. చిరిగిన చొక్కాలు, ఊచలు విరిగిన గొడుగులు కుప్పపడ్డాయి. ముట్టుకున్నవాళ్ళు లేరు. చివరికి అన్నిటినీ చెత్తబండికెత్తారు.

"మనుషుల్లో ఇచ్చే గుణం పోయింది. ఆ మహానుభావుడు కూడా ఇల్లు మారినట్టున్నాడు," అని నిట్టూర్చింది సెక్రటరీ.

ఒకరోజు వాచ్‌మన్ పైకొచ్చాడు.

"పిన్ని పోయిందండి. జ్వరం. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే..."

"అయ్యో," అంది సెక్రటరీ. ఆ వెంటనే, "గది తాళం ఎవరి దగ్గరుంది?" అంది.

గదిలో పీలికలు లేవు.

గోడవారగా మడతపెట్టిన చొక్కాలు. మూలన తిన్నగా నిలబెట్టిన గొడుగులు. కుర్చీలో, మూతి కట్టిన సంచీ.

"ఆ రోజు తెచ్చింది ఇదేనండి," అన్నాడు వాచ్‌మన్.

విప్పింది. అన్నీ పిల్లల స్వెట్టర్లు. ఒకటి తన కొడుకుదే. మోచేయి చిరిగిందని, తన బోర్డు తనే మర్చిపోయి, అల్మరాలో పడేసింది. ఎంత వెతికినా చిరుగు దొరకలేదు.

శాలువా మంచం మీద ఉంది. అంచు విప్పి, ఆ ఉన్నితోనే ఎలుక కొరికిన కన్నం పూడ్చింది పిన్ని. శాలువా కాస్త చిన్నదైంది గానీ, కన్నం ఎక్కడుండేదో వేలు పెట్టి చూపలేం. కొత్త వరసలు కూడా అమ్మ అల్లినంత బిగువుగా ఉన్నాయి. అంచు తిరిగి అల్లడం మాత్రం ఇంకా పూర్తికాలేదు. అల్లిక సూది అందులోనే ఉంది.

సెక్రటరీ శాలువాని మొహానికి హత్తుకుంది. వాచ్‌మన్ కిటికీ వైపు తిరిగాడు.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చుగా ఈవిడ!"

"అతుకని చెబితే ఎవరు తొడుక్కుంటారండీ?" అన్నాడు వాచ్‌మన్ మెల్లగా. "బోర్డు మనదే కదండీ."

కిటికీలో దారపు ఉండల బుట్ట ఉంది. అన్నిటికన్నా పైన ఉన్నది నీలం ఉండ.

సెక్రటరీ దాన్ని తీసి తన కోటు పక్కన పెట్టి చూసింది. తర్వాత ఆ చలిలోనే కోటు విప్పి, దాని చెయ్యి లోపలివైపుకి తిరగేసింది.

మోచేతి దగ్గర, వేలికి తగిలితే తప్ప కంటికి ఆనని సన్నటి కుట్టు, అదే నీలం దారంతో, ఇన్నాళ్ళూ తను సభల్లో మొక్కిన మహానుభావుడిది.